సీ డ్రైవ్‌కు ఏ క్లస్టర్ సైజు? – కంప్యూటర్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చిన్న పెట్టె చుట్టూ తిరిగేవి. డిస్క్ ఫార్మాట్ చేసేటప్పుడు ‘అలొకేషన్ యూనిట్ సైజ్’ అని కనిపిస్తుందే, అది. వాడుకలో క్లస్టర్ సైజు అంటాం. జవాబుల్లో కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే ఇచ్చాం. కంప్యూటర్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టాలి.

ప్రశ్న: డీటీపీ పనికి వాడే కంప్యూటర్‌కు 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తెచ్చినాను. విండోస్ 11 ఎక్కించాలి. ముందుగా వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫార్మాట్ చేయబోతే 512 బైట్ల నుంచి 2 ఎంబీ దాకా పెద్ద పట్టీ వచ్చింది. అమ్మినాయన 64 కేబీ పెడితే బండి పరుగెత్తుతుంది అన్నాడు. సీ డ్రైవ్‌కు ఏది పెట్టమంటారు?
– డీటీపీ సెంటర్ యజమాని, కర్నూలు

జవాబు: 4 కేబీ. పట్టీలో 4096 బైట్స్ అని ఉంటుంది. ‘డిఫాల్ట్’ అన్నా అదే. 16 టీబీ వరకు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి) తనంతట తాను ఎంచుకునేది 4 కేబీనే, సీ డ్రైవ్ విషయంలో దాన్ని కదిలించాల్సిన పని లేదు.

ఫైలుకు చోటు ఇచ్చేటప్పుడు డిస్క్ కొలిచే అతి చిన్న తునక క్లస్టర్. కిరాణా అంగడి ఖాతా పుస్తకం గుర్తు చేసుకోండి. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పేజీ. ఎవరో రెండు వరసల అప్పు పెట్టి మళ్లీ రాకపోయినా ఆ పేజీ ఇంకొకరికి ఇవ్వరు. డిస్క్‌ లెక్కా అదే. 5 కేబీ ఫైలుకు 4 కేబీ క్లస్టర్లు రెండు పోతాయి, అంటే 8 కేబీ. 64 కేబీ క్లస్టర్ పెడితే అదే ఫైలుకు 64 కేబీ పోతుంది.

సీ డ్రైవ్ నిండా ఇలాంటి సన్న ఫైళ్లే. విండోస్ ఫోల్డర్, బ్రౌజర్ క్యాష్, ఐకాన్లు, ప్రోగ్రాముల సెట్టింగులు, మీ డీటీపీకి వందల ఫాంట్లు. 3 లక్షల ఫైళ్లు అనుకుందాం. ఒక్కో ఫైలు చివర సగటున సగం క్లస్టర్ ఖాళీగా పోతుంది. 4 కేబీ అయితే ఆ వృథా మొత్తం 600 ఎంబీ లోపు. 64 కేబీ అయితే 9 జీబీ పైమాటే. నిజానికి సన్న ఫైళ్లు ఎక్కువైతే ఇది సగటు దగ్గర ఆగదు. 3 కేబీ ఫైలు 64 కేబీ క్లస్టర్లో కూర్చుంటే 61 కేబీ గాలే కదా.

మరి వేగం? ఇక్కడే చాలామంది పొరపడతారు. క్లస్టర్ అనేది చోటు లెక్క, చదివే లెక్క కాదు. ఫైలు ఎక్కడుందో రాసుకునేటప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక్కో క్లస్టర్ నంబరు విడివిడిగా రాసుకోదు. ‘ఫలానా చోటి నుంచి వరసగా ఇన్ని’ అని ఒక్క ముక్కలో రాసుకుంటుంది. ఫైలు ముక్కలు కాకుండా ఉంటే 1 ఎంబీ చదవమన్న ప్రోగ్రామ్‌కు 4 కేబీ క్లస్టర్లయినా 64 కేబీ క్లస్టర్లయినా డిస్క్‌కు వెళ్లే అడుగుడు ఒకటే. ఫైలు ముక్కలైనా ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లెం, కదిలే హెడ్ లేవు కాబట్టి పాత హార్డ్‌డిస్క్ పడినంత తిప్పలు పడదు. విండోస్ రోజంతా చేసేది చిన్న చిన్న రాతకోతలు. ప్రాసెసర్ మెమరీని చూసే పేజీ 4 కేబీ, ఇప్పటి డిస్కుల సెక్టారు (డిస్క్ తనలో గీసుకున్న అతి చిన్న గడి) 4 కేబీ, మన క్లస్టరూ 4 కేబీ. ఆ మూడూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు కూర్చుంటాయి.

64 కేబీ పెడితే ఇంకొకటి కూడా పోతుంది. 4 కేబీ కంటే పెద్ద క్లస్టర్ ఉన్న డ్రైవ్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ పనిచేయదు. రేపు జాగా తక్కువై ఒక ఫోల్డర్‌ను కుదించుకుందాం అనుకుంటే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. అలాగని 512 బైట్లకు దిగడం కూడా తెలివి కాదు. మిగిలేది కొన్ని వందల ఎంబీలే, డ్రైవ్ లెక్క పెట్టుకోవాల్సిన క్లస్టర్లు మాత్రం ఎనిమిది రెట్లు.

64 కేబీ అన్న మాట ఊరికే పుట్టలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటా పెట్టే డ్రైవ్‌లకు ఆ సలహా ఉంది. ఆ డేటాబేస్ 8 కేబీ పేజీలు ఎనిమిదింటిని ఒక కట్టగా, 64 కేబీ చొప్పున, చోటు కేటాయించుకుంటుంది. ఆ సలహా డేటా డ్రైవ్ వరకే. విండోస్ ఉండే డ్రైవ్‌కు తెచ్చి అతికిస్తే పక్కింటివాళ్ల మందు మనం మింగినట్టు.

ఇక మీ పని. అసలు ముందుగా ఫార్మాట్ చేయొద్దు. ఎస్‌ఎస్‌డీ బిగించండి, డేటా ఉన్న మిగతా డిస్కుల కేబుళ్లు తీసేయండి. తప్పు డిస్క్ చెరిపేసుకునేవాళ్లు ఎక్కువగా ఈ ఘట్టంలోనే ఉంటారు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎక్కడ ఎక్కించాలి అని అడిగే తెరలో కొత్త డిస్క్‌లో పార్టిషన్లు ఏమైనా ఉంటే డిలీట్ చేయండి. ‘అన్‌అలొకేటెడ్ స్పేస్’ మాత్రమే మిగిలాక దాన్ని ఎంచి నెక్స్ట్ నొక్కండి. ఈఎఫ్ఐ పార్టిషన్ (కంప్యూటర్ బూట్ అవడానికి కావాల్సినది), 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్, సీ డ్రైవ్, రికవరీ పార్టిషన్ అన్నీ సెటప్పే చేసుకుంటుంది. సీ డ్రైవ్ 4 కేబీతోనే వస్తుంది. ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంటుంది, దాని జోలికి పోకండి.

ఎక్కించాక చూసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎఫ్ఎస్‌యుటిల్ ఎఫ్ఎస్‌ఇన్ఫో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఇన్ఫో సీ:’ కొట్టండి. వచ్చే పట్టీలో ‘బైట్స్ పర్ క్లస్టర్’ ఎదురుగా 4096 ఉండాలి. 512 జీబీ డిస్క్ 476 జీబీగా కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారు 1000తో లెక్కగడతాడు, విండోస్ 1024తో. క్లస్టర్‌కు దానితో సంబంధం లేదు.

ప్రశ్న: మాది 2009 నాటి కంప్యూటర్. మొదట ఎక్స్‌పీ ఉండె, తర్వాత అదే సీ డ్రైవ్‌లో విండోస్ 7 వేసినారు, ఆ తర్వాత 10. ఈ మధ్య హార్డ్‌డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు 240 జీబీ ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేయించినా. అనుకున్నంత వేగం లేదు. క్లస్టర్ సైజు చూస్తే 4096 అనే ఉంది. ఇంకేం మార్చాల?
– మందుల అంగడి నిర్వాహకుడు, కడప

జవాబు: క్లస్టర్ సరిగ్గానే ఉంది. అది మొదలయ్యే చోటు తప్పి ఉండొచ్చు. ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్ 63వ సెక్టారు దగ్గర మొదలయ్యేది. 63ను 512తో గుణిస్తే 32,256 బైట్లు. దీన్ని 4096తో భాగించండి, 7.875 వస్తుంది. పూర్తి సంఖ్య కాదు. అంటే మీ ప్రతి 4 కేబీ క్లస్టరూ డిస్క్‌లోని రెండు 4 కేబీ గడుల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. ఒక్క క్లస్టర్ రాయాలన్నా డిస్క్ రెండు గడులు చదివి, మార్చి, రెండూ తిరిగి రాయాలి. పాత హార్డ్‌డిస్కుల సెక్టారు నిజంగానే 512 బైట్లు కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియలేదు. విస్టా నుంచి పార్టిషన్లు 1 ఎంబీ దగ్గర మొదలవుతున్నాయి. కానీ పాత పార్టిషన్‌ను ఉంచి దానిమీదే కొత్త విండోస్ వేస్తే మొదలు మారదు. ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేస్తే ఆ తప్పు కూడా ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

చూడటం సులువు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ‘ఎంఎస్‌ఇన్ఫో32’ కొట్టండి. కాంపొనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ దాకా వెళ్లి ‘పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్’ చూడండి. 10,48,576 ఉంటే బంగారం. 10,59,06,176 ఉన్నా మంచిదే, 4096తో భాగిస్తే 25,856 వస్తుంది, శేషం లేదు. 32,256 కనిపించిందా, దొంగ దొరికినట్టే.

మందు రెండు రకాలు. పార్టిషన్‌ను కొద్దిగా ముందుకు జరిపి సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి సీ డ్రైవ్‌లోని ప్రతి బైటునూ కదిలిస్తాయి, నడుమ కరెంటు పోతే డ్రైవ్ పోయినట్టే. బ్యాకప్, యూపీఎస్ రెండూ లేకుండా మొదలుపెట్టొద్దు. రెండోది, మా ఓటు దీనికే: బిల్లింగ్ డేటా వేరే డిస్క్‌లోకి తీసుకుని, ఎస్‌ఎస్‌డీలోని పార్టిషన్లన్నీ తొలగించి తాజాగా విండోస్ వేయండి. ఇన్నేళ్లుగా ఒకదానిమీద ఒకటి పేరుకున్న చెత్త కూడా వదులుతుంది.

సరిచేశాక ‘ఎఫ్ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై’ అని కొట్టి చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ వరసలో 0 వస్తే ట్రిమ్ (చెరిపిన చోటు ఏదో విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పనిచేస్తున్నట్టు. పేరులోనే ‘డిజేబుల్’ ఉంది కాబట్టి 0 అంటే మంచిది. ఇక్కడ తలకిందులుగా అర్థం చేసుకుని 1 పెట్టుకునేవాళ్లూ ఉన్నారు! ఒక మాట, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ వయసు కంప్యూటర్‌కు 11 అధికారికంగా ఎక్కదు, కొత్త ఖర్చు పెట్టే ముందు అది కూడా ఆలోచించుకోండి.

ప్రశ్న: 60 వేల బిల్లుల స్కాన్లున్న ఫోల్డర్ కంప్యూటర్లో రెండున్నర జీబీ కూడా లేదు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేస్తే 7 జీబీకి పైగా తింటోంది. వైరస్సా?
– గుమాస్తా, బట్టల దుకాణం, ప్రొద్దుటూరు

జవాబు: వైరస్ కాదు, పెన్‌డ్రైవ్ క్లస్టర్. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఉంటాయి, 32 జీబీ దాటితే దాని డిఫాల్ట్ క్లస్టర్ 128 కేబీ. మీ స్కాన్ సగటున 40 కేబీ అనుకుంటే ఒక్కోటీ 128 కేబీ పట్టుకుని కూర్చుంటుంది. 60 వేలకు లెక్క కట్టండి, సుమారు 7.3 జీబీ.

ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ‘సైజ్’ అని ఒకటి, ‘సైజ్ ఆన్ డిస్క్’ అని ఒకటి కనిపిస్తాయి. మొదటిది సరుకు, రెండోది సరుకు ఆక్రమించిన జాగా. పెన్‌డ్రైవ్‌లో ఆ రెండింటి తేడా చూస్తే మొత్తం కథ అర్థమవుతుంది.

ఏడాదికొక జిప్ ఫైలు చేసి వేయడం అన్నిటికంటే మేలు. 60 వేల ఫైళ్లు 60 వేల సార్లు తెరిచి మూసే బాధ తప్పుతుంది కాబట్టి కాపీ కూడా తొందరగా అవుతుంది. విడివిడిగానే కావాలంటే పెన్‌డ్రైవ్‌ను ఖాళీ చేసి ఎక్స్‌ఫ్యాట్‌లోనే 32 కేబీతో ఫార్మాట్ చేయండి. 40 కేబీ స్కాన్ రెండు క్లస్టర్లు పట్టి 64 కేబీ అవుతుంది, మొత్తం 3.7 జీబీ దగ్గర ఆగుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టే అవతలి కంప్యూటర్ కూడా విండోసే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, 4 కేబీ పెట్టినా సరే. అప్పుడు మాత్రం ‘ఎజెక్ట్’ కొట్టకుండా పీకే అలవాటు మానాలి.

ప్రశ్న: పెండ్లి వీడియోలు దాచుకోవడానికి 8 టీబీ హార్డ్‌డిస్క్ కొన్నాం. దానికి కూడా 4 కేబీయేనా? ముందు ముందు 18 టీబీ తీసుకునే ఆలోచన ఉంది.
– వీడియో స్టూడియో, అనంతపురం

జవాబు: మీకు 64 కేబీ పెట్టుకోవచ్చు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఒక్కో క్లిప్ జీబీల్లో ఉంటుంది. 4 వేల క్లిప్పులున్నా చివర్లలో పోయే వృథా 128 ఎంబీ దాటదు. 8 టీబీని 4 కేబీ చొప్పున కోస్తే సుమారు 195 కోట్ల క్లస్టర్లు, ఏది ఖాళీ ఏది నిండు అని గుర్తుపెట్టుకునే పటమే 230 ఎంబీ దాటుతుంది. 64 కేబీకి 12 కోట్ల పైచిలుకు క్లస్టర్లు, పటం 15 ఎంబీ లోపు. ఫైలు ముక్కలైనా ఒక్కో ముక్క కనీసం 64 కేబీ ఉంటుంది కాబట్టి హార్డ్‌డిస్క్ హెడ్‌కు పరుగులు తగ్గుతాయి. అద్భుతాలు జరుగుతాయని మాత్రం అనుకోవద్దు. పళ్లెం తిరిగే వేగం అదే, కాపీ వేగం అదే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చేసుకునే క్యాష్, థంబ్‌నెయిళ్ల ఫోల్డర్‌ను ఈ డిస్క్‌లో పెట్టకండి. అవి వేలకొద్దీ చిన్న ఫైళ్లు. సెట్టింగుల్లో వాటి దారి ఎస్‌ఎస్‌డీకి మార్చండి.

18 టీబీ సంగతి: ఎన్‌టీఎఫ్‌ఎస్ మామూలుగా లెక్కపెట్టగలిగే క్లస్టర్లు సుమారు 430 కోట్లు, అంటే 2 ఘాతం 32. 4 కేబీతో అది 16 టీబీ దగ్గర ఆగిపోతుంది. మీ 18 టీబీ డిస్క్ విండోస్ లెక్కలో 16.37 టీబీ, హద్దు దాటింది. అందుకే డిఫాల్ట్‌గానే 8 కేబీ వస్తుంది. 64 కేబీ అయితే 256 టీబీ దాకా వెళ్తుంది. డిస్కులు కలిపి రెయిడ్‌గా పెంచుకునే ఆలోచన ఉన్నవాళ్లు మొదటి రోజే పెద్ద క్లస్టర్ పెట్టుకోవాలి, నిండాక మార్చడం నరకం. ఆ నరకం ఎలా ఉంటుందో కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: ఎవరో చెప్పగా 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో సీ డ్రైవ్‌ను 64 కేబీతో వేయించుకున్నా. ఊరికూరికే నిండిపోతోంది. ఇమేజ్ బ్యాకప్ తీసి, 4 కేబీతో ఫార్మాట్ చేసి, బ్యాకప్ తిరిగి వేస్తే మళ్లీ 64 అనే చూపిస్తోంది! ఏం మాయ ఇది?
– పత్తి వ్యాపారి, ఆదోని

జవాబు: మాయ కాదు. మామూలు ఇమేజ్ బ్యాకప్ డ్రైవ్‌ను క్లస్టర్ల వరసగానే అచ్చు తీస్తుంది. తిరిగి వేసినప్పుడు మీరు చేసిన ఫార్మాట్‌ను చెరిపి పాత డ్రైవ్‌నే దించుతుంది. క్లస్టర్ మారాలంటే ఫైలు ఫైలుగా తీసి, ఫైలు ఫైలుగా వేయాలి. విండోస్‌లోనే ఉన్న డీఐఎస్ఎం ఆ పని చేస్తుంది.

కావాల్సినవి: విండోస్ సెటప్ పెన్‌డ్రైవ్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పని నడుమలో ఆగుతుంది. బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌కు తాళం వేసే ఏర్పాట్లు) ఆన్‌లో ఉంటే ముందే తీసేయండి. ముఖ్యమైన లెక్కలు విడిగా ఇంకో చోట ఉండాలి, ఈ బ్యాకప్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

సెటప్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెరలోనే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మామూలుగా ఉండకపోవచ్చు. ‘డిస్క్‌పార్ట్’లో ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టి, సైజును బట్టి ఏది ఏదో కాగితం మీద రాసుకోండి. విండోస్ ఉన్నది ‘సీ’, ఎక్స్‌టర్నల్ డిస్క్ ‘ఈ’ అనుకుంటే డిస్క్‌పార్ట్ నుంచి బయటికి వచ్చి ఇది కొట్టండి:

డీఐఎస్ఎం /క్యాప్చర్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఈ:\పాత.విమ్ /క్యాప్చర్‌డిర్:సీ:\ /నేమ్:పాత

ఫైలు పేరు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వండి. నూరు శాతం అయ్యాక, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఆ ఫైలు నిజంగా ఉందో లేదో ‘డిర్’ కొట్టి చూడండి. చూడకుండా తర్వాతి మెట్టు ఎక్కొద్దు. ఇక మళ్లీ డిస్క్‌పార్ట్‌లో సీ వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి ‘ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ యూనిట్=4096 క్విక్’. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను సెలెక్ట్ చేసి ‘అసైన్ లెటర్=జెడ్’. బయటికి వచ్చి ఈ రెండు వరసలు:

డీఐఎస్ఎం /అప్లై-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఈ:\పాత.విమ్ /ఇండెక్స్:1 /అప్లైడిర్:సీ:\

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ జెడ్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద చేయండి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే డేటా తీసుకుని తాజాగా విండోస్ వేసుకోవడమే సులువు, అందులో తప్పేం లేదు.

ప్రశ్న: నోట్‌ప్యాడ్‌లో ఒక్క వరస రాసి సేవ్ చేస్తే ‘సైజ్ ఆన్ డిస్క్’ 0 బైట్స్ అని వస్తోంది. 4 కేబీ కదా రావాలి?
– డిగ్రీ విద్యార్థిని, గుంతకల్లు

జవాబు: ప్రతి ఫైలుకూ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక జాబితాలో 1 కేబీ గడి ఇస్తుంది, పేరు, తేదీలు అందులోనే. ఫైలు కొన్ని వందల బైట్లే అయితే ఆ గడిలో మిగిలిన జాగాలోనే సర్దేస్తుంది. విడిగా క్లస్టర్ తీసుకోలేదు కాబట్టి 0. ఇంకో పాతిక వరసలు రాసి సేవ్ చేయండి, ఆ జాగా దాటగానే 4 కేబీ అవుతుంది.

ప్రశ్న: లినక్స్ వేసుకుంటే ఈ తిప్పలు ఉండవా? ఎక్స్‌టీ4లో బ్లాక్ సైజు ఎంత పెట్టాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఎక్స్‌టీ4 అంటే లినక్స్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటిది, బ్లాక్ అంటే మన క్లస్టర్ లాంటిదే. అక్కడా డిఫాల్ట్ 4 కేబీనే, అక్కడా దాన్ని ముట్టుకోకండి. మార్చదగ్గవి వేరే రెండున్నాయి. సినిమాలు, బ్యాకప్‌లు పెట్టే డేటా డిస్క్ అయితే ఫార్మాట్ కమాండ్‌కు ‘-టీ లార్జ్‌ఫైల్’ కలపండి, ఇక్కడ టీ పెద్దక్షరం. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక ఫైలు వివరాలు రాసుకునే గడి) చొప్పున, ఒక్కోటీ 256 బైట్లు, పక్కన పెడుతుంది. అంటే డిస్క్‌లో 64వ వంతు దానికే పోతుంది. లార్జ్‌ఫైల్ పెడితే 1 ఎంబీకి ఒకటి చాలనుకుంటుంది. రూట్ డ్రైవ్‌కు, అంటే లినక్స్ ఉండే డ్రైవ్‌కు, మాత్రం పెట్టొద్దు. చిన్న ఫైళ్లు పెరిగి ఐనోడ్లు అయిపోతే, ‘డీఎఫ్’ కొడితే జాగా ఉన్నట్టే చూపిస్తుంది, ఫైలు మాత్రం సేవ్ కాదు. అసలు సంగతి ‘డీఎఫ్ -ఐ’ కొడితే బయటపడుతుంది.

రెండోది, ఎక్స్‌టీ4 తన డిస్క్‌లో 5 శాతం రూట్ యూజర్ (లినక్స్ అడ్మినిస్ట్రేటర్) కోసం దాచి ఉంచుతుంది. 1 టీబీ డేటా డిస్క్‌లో అది 50 జీబీ. ‘ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1’ అని, ఆ వెనక పార్టిషన్ పేరు ఇస్తే 1 శాతానికి తగ్గుతుంది. దీనికి ఫార్మాట్ అక్కర్లేదు, ఉన్న ఫైళ్లు కదలవు. ఇక్కడ ఎం చిన్నక్షరం.